ఐలీ నేర్చుకున్న త్రికోణమితి

పెళ్ళైన కొత్తలోనే ఐలీ హైక్కిలా మొగుడికి ఒక షరతు పెట్టింది. లెక్కలు బడిలోనే వదిలేసి ఇంటికి రావాలి. దానికి బదులుగా తను కూడా పిండి, ఈస్టు, పొయ్యి కబుర్లన్నీ బేకరీలోనే దులిపేసుకుని వస్తుంది. రేనో హైక్కిలా నవ్వి సరేనన్నాడు. అతను ఆ ఊరి హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఆమె మెయిన్ రోడ్డు మీది బేకరీలో తెల్లారకముందే పనిలోకి దిగి యాలకుల రొట్టెలు, మాంసమూ బంగాళదుంపలూ కూరిన పాస్టీలు చేసేది.

షరతు అతనికి కష్టమవుతుందని ఐలీకి అప్పట్లో తట్టలేదు. ఆమెకి లెక్కలంటే చిన్నప్పటినుంచీ భయం. తొమ్మిదో తరగతిలో బీజగణితం తప్పి, పుస్తకం ఎవరికో ఇచ్చేసి, మళ్ళీ ఆ వైపు తిరిగి చూడలేదు. అలాంటిది లెక్కల మాస్టార్ని ఎలా చేసుకున్నావే అని అక్క సైమీ ఆటపట్టిస్తే, డాన్సు హాల్లో అతను తన కాలు తొక్కకుండా నాట్యం చేసినవాడు కాబట్టి చేసుకున్నానని చెప్పేది. అది నిజమే. రేనో నెమ్మదైన మనిషి. అడుగు ఎక్కడ వెయ్యాలో చూసుకుని వేసేవాడు.

వాళ్ళకి పిల్లలు కలగలేదు. సుపీరియర్ సరస్సు ఒడ్డున, మిషిగన్ ఉత్తరపు కొసన, రాగి గనులు మూతబడ్డాక సగం ఖాళీ అయిన ఊరది. అక్టోబరులో మొదలైన మంచు మే నెల దాకా పోదు. శనివారం సాయంత్రం పెరట్లోని సౌనా గదిలో రాళ్ళు కాల్చి, నీళ్ళు చల్లి, ఆవిర్లో కూర్చుని, ఎర్రగా కందిపోయిన ఒళ్ళతో బయటికొచ్చి మంచు మీద నిలబడటం వాళ్ళకున్న ఒకే ఒక విలాసం. ఊళ్ళో నలభై దాటని పెద్దవాళ్ళంతా రేనో దగ్గర చదువుకున్నవాళ్ళే. బేకరీకి వచ్చిన వాళ్ళల్లో సగం మంది డబ్బులిస్తూ, మీ ఆయన నన్ను ఫలానా ఏడు తప్పించాడు తెలుసా అని గొప్పగా చెప్పుకునేవాళ్ళు. ఐలీ చిల్లర చేతిలో పెట్టి, ఇంట్లో నన్ను కూడా అప్పుడప్పుడూ తప్పిస్తుంటాడని జవాబిచ్చేది.

రిటైరైన ఏడాది మార్చిలో రేనో నిచ్చెనెక్కి ఇంటి కప్పు మీద పేరుకున్న మంచు తోశాడు. తన కాళ్ళ మీద తనే దిగొచ్చాడు. బూట్లు విప్పుకుని, వంటింట్లో బల్ల దగ్గర కూర్చున్నాడు. ఐలీ కాఫీ పొయ్యబోతూ అతని మొహం చూసింది. నోటి కుడి మూల కిందికి జారి ఉంది.

"కాబట్టి," అన్నాడు రేనో.

ఐలీ కూజా పట్టుకుని మిగతా మాట కోసం ఆగింది. అది రాలేదు. అతను మళ్ళీ అన్నాడు, ఈసారి కొంచెం ఆశ్చర్యంగా. "కాబట్టి."

ఆస్పత్రిలో డాక్టర్లు మెదడు ఎడమవైపు రక్తనాళం మూసుకుపోయిందన్నారు. కుడిచెయ్యి పోయింది. కుడికాలు కర్ర సాయంతో కొంత తిరిగొచ్చింది. మాట మాత్రం రాలేదు, ఆ ఒక్కటి తప్ప. ముప్ఫై ఏళ్ళు బోర్డు ముందు నిలబడి ఏ మాటతో ఒక మెట్టునుంచి ఇంకో మెట్టుకి పిల్లల్ని దాటించాడో, ఆ మాట ఒక్కటే నాలుక మీద మిగిలింది. ఆకలేసినా కాబట్టే, కిటికీ వెయ్యమన్నా కాబట్టే, ఎవరైనా చూడ్డానికొచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకుంటే వాళ్ళని ఓదార్చడానికీ కాబట్టే. అలా ఒక్క మాట మీద ఆగిపోయే రోగులు ఉంటారని, ఆ మాటకి పెద్ద అర్థం వెతకొద్దని మాటలు నేర్పే డాక్టరమ్మ ఐలీకి చెప్పింది.

ఆమె మంచిదే. వారం వారం ఓపిగ్గా కూర్చుని, ఆపిల్ బొమ్మ, కప్పు బొమ్మ, కుక్క బొమ్మ ఉన్న అట్టముక్కలు అతని ముందు పరిచేది. ఏది కుక్క, వేలు పెట్టండి మిస్టర్ హైక్కిలా, అనేది. రేనో ఆ బొమ్మలకేసి చూసి, వాటిని ఎడమచేత్తో ఒక్కొక్కటీ బోర్లా తిప్పేసి, గోడకేసి మొహం పెట్టుకునేవాడు. అవునా కాదా అని అడిగినా లాభం లేకపోయింది. కాఫీ కావాలా అంటే తల అడ్డంగా ఊపేవాడు. కప్పు తీసేయబోతే లాక్కునేవాడు. తను ఊపింది తప్పని అప్పుడు అతనికి తెలిసేది. అలా తెలిసినప్పుడు అతని మొహంలో కనిపించిన సిగ్గు ఐలీకి అన్నిటికంటే కష్టంగా ఉండేది. అందుకే కొన్నాళ్ళకి అడగడమే మానేసింది. తనకి తోచింది వండి, తోచిన టైముకి పెట్టేది. మాట్లాడుకోని ఇల్లు ఎంత పెద్దదిగా ఉంటుందో ఆమెకి ఆ వసంతంలో తెలిసింది.

జూన్‌లో డార్లా ట్రెవారో వచ్చింది. రేనో దగ్గర చదువుకుని, అతని ధర్మమా అని లెక్కల్లో పడి, ఇప్పుడు పక్క ఊరి కాలేజీలో పాఠాలు చెబుతున్న పిల్ల. చేతిలో అడివి బెర్రీల జామ్ సీసా పట్టుకొచ్చింది. గురువుగారిని ఆ స్థితిలో చూసి ఏం మాట్లాడాలో తెలియక, నోటికొచ్చిందల్లా మాట్లాడింది. సెప్టెంబరులో త్రికోణమితి క్లాసు తనకిచ్చారని, పిల్లలకి ఏది ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదని చెప్పుకొచ్చింది. రేనో కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఐలీ జామ్ సీసా మూత తిప్పుతోంది.

"వాళ్ళకి నమ్మకం కుదరదు సార్," అంది డార్లా. "సైన్ డెబ్భై, కొసైన్ ముప్ఫై ఒకటేనంటే, క్యాలిక్యులేటర్లో కొట్టి చూసి..."

రేనో ఎడమచెయ్యి కుర్చీ చేతి మీద ఠప్పున పడింది.

"కాబట్టి," అన్నాడు. ఐలీ ఆ గొంతు ఎన్నాళ్ళుగానో వినలేదు. అది కోపం. శుభ్రమైన, ఆరోగ్యమైన కోపం.

డార్లా చెంపలు ఎర్రబడ్డాయి. "సారీ సార్. ఇరవై. కొసైన్ ఇరవై."

రేనో వెనక్కి వాలి కూర్చున్నాడు. అతని మొహంలో ఉన్నది తృప్తి అని ఐలీ పోల్చుకుంది. పెంకితనం చేసిన కుర్రాణ్ణి సరైన దారిలో పెట్టి ఇంటికొచ్చిన రోజుల్లో భోజనం ముందు ఆ మొహమే పెట్టేవాడు.

డార్లాని సాగనంపడానికి మెట్ల దాకా వెళ్ళి, ఇందాక నువ్వన్నది తప్పని ఆయనకెలా తెలిసిందని ఐలీ అడిగింది. రెండు కోణాలూ కలిస్తే తొంభై రావాలని, తను కంగారులో తప్పు చెప్పానని డార్లా వివరించబోయింది.

"అది నాకు నేర్పగలవా?" అంది ఐలీ.

"ఏది మిసెస్ హైక్కిలా?"

"అదే. ఆయనకి కోపం తెప్పించేది."

వేసవంతా డార్లా వారానికి రెండుసార్లు బేకరీ వెనక గదికి వచ్చి, ఐలీ మర్చిపోయిన బీజగణితాన్ని మొదట్నుంచీ తవ్వి తీసింది. సెప్టెంబరులో ఐలీ కాలేజీలో డార్లా క్లాసులోనే చేరింది. పొద్దున్న బేకరీ పని అయ్యాక, ఏప్రన్ విప్పేసి, జుట్టుకంటిన పిండి దులుపుకుని బస్సెక్కేది. ఆ మధ్యాహ్నాలు రేనో దగ్గర సైమీ కూర్చునేది. సైమీ మొగుడు పోయి చాలా ఏళ్ళైంది. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది.

"పాపం మీ ఆయన మాట్లాడలేక నోరు మూసుకుని కూర్చున్నాడు," అంది సైమీ. "ఇప్పుడు నువ్వెళ్ళి లెక్కలు నేర్చుకొచ్చి ఆయన పీకల మీద కూర్చుంటావా? ఆయన పారిపోలేడు కూడానే."

క్లాసులో అందరూ పిల్లలే. నర్సింగుకి వెళ్ళాలనుకునే అమ్మాయిలు, వెనక వరసలో మంచు హాకీ ఆడే భారీ కుర్రాళ్ళు. ఐలీ కూర్చుంటే గదంతా యాలకుల వాసన వేసేది. మొదట్లో వాళ్ళు ఆమెని ఎవరి అమ్మో వచ్చిందన్నట్టు చూశారు. తర్వాత ఆమె సంచిలో మిగిలిన రొట్టె ముక్కలు ఉంటాయని కనిపెట్టి పక్కన కూర్చోవడానికి పోటీలు పడ్డారు.

సైన్, కొసైన్ అనేవి ఆమె తలకెక్కడానికి చాలా రోజులు పట్టింది. లంబకోణ త్రిభుజంలో ఒక మూలకి ఎదురుగా ఉండే భుజాన్ని పొడుగాటి భుజంతో భాగిస్తే సైన్, పక్కనున్న భుజాన్ని భాగిస్తే కొసైన్. ఇంతే కదా అంటారు అందరూ. ఏ మూల, ఎవరికి ఎదురు, ఎవరికి పక్క అన్న దగ్గర ఐలీ తల తిరిగిపోయేది. ఒకరోజు ఇంట్లో బల్ల దగ్గర కూర్చుని రేనోకి సూప్ తినిపిస్తుండగా ఆమెకి తోచింది. తను కూర్చున్న చోటునుంచి పొయ్యి ఎదురుగోడకి ఉంది. రేనో కూర్చున్న చోటునుంచి అదే పొయ్యి పక్కన ఉంది. పొయ్యి కదల్లేదు. కూర్చున్న మనిషిని బట్టి దాని పేరు మారింది. త్రిభుజంలో లంబకోణం తన తొంభై తను తీసుకుంటే, మిగిలిన రెండు మూలలూ ఇంకో తొంభైని పంచుకోవాలి. ఒకటి డెబ్భై తీసుకుంటే రెండోదానికి ఇరవై మిగుల్తుంది. డెబ్భైకి ఎదురుగా ఉన్న భుజమే ఇరవైకి పక్కన. కాబట్టి దీని సైన్ దాని కొసైన్. ఐలీ చెంచా గాల్లో పట్టుకుని అలాగే ఉండిపోయింది. సూప్ చల్లారిపోతోందని రేనో ఆమె మోచెయ్యి తట్టాల్సొచ్చింది.

కానీ ఆమె పుస్తకం తెచ్చి అతని ముందు పెట్టినప్పుడు మాత్రం రేనో చూడలేదు. మొదటి వారం, రెండో వారం, ఆమె బల్ల మీద బేకరీ కాగితం పరిచి లెక్కలు చేసుకుంటుంటే అతను కిటికీకేసి తిరిగి కూర్చునేవాడు. డార్లా ముందు కుర్చీ చరిచిన మనిషి ఏమైపోయాడో ఐలీకి అర్థం కాలేదు. పరాయి పిల్ల ముందు ఉన్నంత ధైర్యం పెళ్ళాం ముందు లేదేమో అనుకుంది. లేకపోతే తను పెట్టిన షరతు అతను ఇంకా పాటిస్తున్నాడేమో అనుకుంది. ఆ రెండో ఆలోచన వచ్చిన రోజు ఆమెకి అన్నం సయించలేదు.

అక్టోబరు చివర డార్లా పెద్ద కోణాలు మొదలుపెట్టింది. చక్రం గీసి, మధ్యలో ఒక అడ్డగీత, ఒక నిలువుగీత. కోణం చెయ్యి గుండ్రంగా తిరిగి ఎక్కడో ఆగుతుంది. కోణం ఎంత పెద్దదైనా బెదిరిపోవద్దని, ఆగిన చోటునుంచి అడ్డగీత దాకా ఉన్న చిన్నకోణం చూసుకుంటే చాలని చెప్పింది. దాన్ని రిఫరెన్స్ కోణం అంటారు. నూట యాభైకి అది ముప్ఫై. రెండొందల పదికీ ముప్ఫై, మూడొందల ముప్ఫైకీ ముప్ఫై. ఆ చిన్నదాని విలువే పెద్దదానిది కూడా. గుర్తు మాత్రం చక్రంలో ఏ పావులో ఆగిందో దాన్నిబట్టి ప్లస్సో మైనస్సో అవుతుంది. ఐలీకి ఇది నచ్చింది. ఎంత దూరం తిరిగినా ఇంటికి దగ్గరి దారి ఒకటుంటుందన్నట్టు అనిపించింది.

నచ్చింది గానీ, ఇంటికొచ్చేసరికి ఏ గీత దాకా కొలవాలో తారుమారైంది. మధ్యాహ్నపు వెలుతురులో బల్ల మీద కాగితం పరిచి, నూట యాభై చెయ్యి గీసి, అది నిలువుగీతని దాటి ఎంత దూరం పోయిందో కొలిచింది. అరవై వచ్చింది. సైన్ నూట యాభై, సమానం, సైన్ అరవై అని రాసింది. అందరూ ఈ పేర్లని మూడక్షరాలకి కుదించి రాస్తారు గానీ ఐలీ పూర్తిగా, బేకరీ డబ్బాల మీద రాసే గుండ్రటి అక్షరాలతో రాసేది. రాసి, పెరట్లోంచి కట్టెలు తెద్దామని లేచింది.

తిరిగొచ్చేసరికి రేనో కాగితం మీదికి వంగి ఉన్నాడు. ఎడమచేతిలో ఆమె పెన్సిల్ ఉంది. జబ్బు చేశాక అతను పెన్సిల్ పట్టుకోవడం అదే మొదలు. నాలుక కొస బయటపెట్టి, చిన్నపిల్లాడు అక్షరాలు దిద్దినట్టు దిద్దుతున్నాడు. ఐలీ గుమ్మంలోనే ఆగిపోయింది. అతను పని ముగించి, పెన్సిల్ పక్కన పెట్టి, కాగితాన్ని ఆమె వైపు తోశాడు.

ఆమె రాసిన దేన్నీ అతను కొట్టెయ్యలేదు. సమానం గుర్తుకీ, రెండో సైన్‌కీ మధ్య ఉన్న ఇరుకు చోటులో, వంకరటింకర అక్షరాలతో 'కొ' అని ఇరికించాడు. ఇప్పుడది సైన్ నూట యాభై, సమానం, కొసైన్ అరవై.

"కాబట్టి," అన్నాడు రేనో మెల్లిగా.

ఐలీకి అది తప్పో ఒప్పో తెలియలేదు. పుస్తకంలో జవాబు సైన్ ముప్ఫై అని ఉంది. మర్నాడు ఆ కాగితం మడిచి డార్లా దగ్గరికి పట్టుకెళ్ళింది. డార్లా దాన్ని విప్పి, ఐలీ గీసిన గీత వెంట వేలు పెట్టి మళ్ళీ కొలిచింది.

"ఇది ఒప్పేనండీ," అంది చివరికి. "మీరు నిలువుగీతనుంచి కొలిచారు. అక్కణ్ణుంచి కొలిస్తే పేరు మారాలి, అంతే. నేనైతే మొత్తం కొట్టేసి మళ్ళీ చెయ్యమని రాసేదాన్ని." కాగితం తిరిగిచ్చేస్తూ, మా క్లాసులో కూడా సార్ ఎప్పుడూ మొదట మనం ఎక్కడ నిలబడి ఉన్నామో చూసేవారని చెప్పింది. ఆ మాట చెబుతూ ముక్కు చీదుకుంది.

ఆ రోజునుంచి మధ్యాహ్నాలు మారిపోయాయి. ఐలీ ఇంటికి రాగానే రేనో కర్ర పొడుచుకుంటూ బల్ల దగ్గరికొచ్చేవాడు. ఆమె చేసేది, అతను చూసేవాడు. తప్పు చేస్తే వేలితో ఆ చోట తట్టేవాడు. రెండోసారీ అదే తప్పు చేస్తే వేలు గట్టిగా తట్టేది. వెన్న కత్తిని చక్రం మధ్యలో పెట్టి తిప్పుతూ కోణం చెయ్యి ఎటు పోతుందో చూపించేవాడు. వెన్న కాగితానికి అంటుకునేది. మొదటి పరీక్షలో ఆమెకి సగం మార్కులు కూడా రాలేదు. ఎర్ర సిరాతో నిండిపోయిన ఆ పేపరు తెచ్చి అతని ముందు పడేస్తే, రేనో ఒక్కో తప్పూ వరసగా చూసుకుంటూ వెళ్ళి, ఒకచోట ఆగి, భుజాలు కదిలేలా నవ్వాడు. మార్చి తర్వాత అతను నవ్వడం అదే మొదటిసారి. ఐలీకి ఒళ్ళు మండింది. నవ్వింది చాలు, ఎందుకు నవ్వావో చూపించమంది. చూసేసరికి ఆమెకీ నవ్వాగలేదు. ఒకే లెక్కలో కొసైన్‌కి రెండు విలువ రాసింది. అది ఒకటి దాటదన్న సంగతి అప్పటికి రోజూ వింటూనే ఉంది.

ప్లస్సు, మైనస్సుల సంగతి ఎవరూ అనుకుని కనిపెట్టింది కాదు. ఒకరోజు రెండొందల పదికి కొసైన్ గుర్తు ఏమిటో రాయమని కాగితం అతని ముందుకి జరిపింది. అతను ఆలోచించకుండా మైనస్ పెట్టాడు. అది సరైనదే. ఆ వెంటనే ఆమె కాఫీ కావాలా అంది. అతను తల అడ్డంగా ఊపాడు. ఐలీ నవ్వులాటకి, తలతో కాదు, గుర్తు పెట్టి చెప్పమంది. రేనో పెన్సిల్ దించి ప్లస్ పెట్టాడు.

ఇద్దరూ ఆ గుర్తుకేసి చూశారు.

ఆమె లేచి కాఫీ పోసింది. అతను తాగాడు. అప్పుడామె కిటికీ వెయ్యనా అంది. మైనస్. చలిగా ఉందా అంది. మైనస్. సౌనా వెయ్యమంటావా అంది. ఆ ప్లస్ గీత కాగితం చిరిగేంత గట్టిగా పడింది. మాటలు నేర్పే డాక్టరమ్మకి చెబితే, ఆమె బొమ్మల అట్టల్ని డ్రాయరులో పెట్టేసి, ఐలీ చేతులు పట్టుకుని ఊపింది. కొంతమందికి మాటల దారి మూసుకుపోయినా అంకెల దారి తెరిచే ఉంటుందని, తనకి ఆ సంగతి తెలిసి కూడా ప్లస్సు మైనస్సులు తట్టలేదని సంతోషంగా ఒప్పుకుంది. అక్కడనుంచి ఆమె కూడా పెన్సిలూ కాగితంతోనే పని చేసింది.

సైమీకి ఈ వార్త తెలిసి, ఆ గురువారం తను వండి తెచ్చిన క్యాబేజీ, మాంసం వేసి కాల్చిన వంటకం గిన్నె బల్ల మీద పెట్టి, ఇది ఎలా ఉందో చెప్పు రేనో అని పెన్సిల్ చేతికిచ్చింది. రేనో పెన్సిల్ వంక చూశాడు. ఐలీ వంక చూశాడు. మైనస్ పెట్టాడు.

"పాతికేళ్ళనుంచి తింటున్నాడే ఈ మనిషి," అంది సైమీ. "రెండోసారి వడ్డించమని కూడా అడిగేవాడు."

"మర్యాదకి అడిగేవాడు," అంది ఐలీ.

సైమీ గిన్నె తీసుకుని గుమ్మం దాకా వెళ్ళి, అక్కడ నిలబడి నవ్వడం మొదలుపెట్టి ఆపుకోలేక తలుపుకి ఆనుకుంది. ఆ తర్వాతి గురువారం పాస్టీలు తెచ్చింది.

నవంబరు నెలాఖరు. బయట మంచు కిటికీ అడుగు అంచుని అందుకుంది. ఒక ఆదివారం చర్చినుంచి వచ్చాక ఐలీ బల్ల మీద కొత్త కాగితం పరిచింది. పుస్తకం మాత్రం తెరవలేదు. రేనో పుస్తకం కోసం చూశాడు. ఆమె పెన్సిల్ అతని చేతిలో పెట్టింది.

"ఒకటి అడుగుతాను," అంది. "నిజం చెప్పు. ఇన్నేళ్ళు ఇంటికి లెక్కలు తేవద్దన్నాను కదా. నీకు ఒంటరిగా అనిపించిందా?"

రేనో పెన్సిల్ మొన కాగితానికి ఆనించాడు. తర్వాత ఒక చిన్న అడ్డగీత గీశాడు. మైనస్. ఐలీ ఊపిరి వదిలింది. కాగితం తియ్యబోయింది. అతను ఎడమ మణికట్టుతో దాన్ని నొక్కిపట్టాడు. తను గీసిన గీతకేసి, తప్పు వెతుకుతున్న మాస్టారిలా చూశాడు. పెన్సిల్ మళ్ళీ దించి, ఆ అడ్డగీత మీదనుంచి పైనుంచి కిందికి ఒక నిలువుగీత గీశాడు.

ఐలీ ఆ ప్లస్ గుర్తుని చూస్తూ కూర్చుంది. ఏడవలేదు. కుర్చీ అతని పక్కకి జరుపుకుని, పట్టు లేని అతని కుడిచేతిని తన ఒళ్ళో పెట్టుకుంది.

"నాకూ అనిపించింది," అంది. "నేనూ బేకరీ సంగతులు ఎన్నో చెప్పుకోలేకపోయాను. ఎంత తిక్కపని చేశామో చూడు."

"కాబట్టి," అన్నాడు రేనో. ఆమె భుజం మీదికి తల వాల్చాడు. ఆ మధ్యాహ్నమంతా ఐలీ అతనికి బేకరీ కథలు చెప్పింది. మంచు తుఫానులో పొయ్యి ఆరిపోయి, రెండొందల రొట్టెల పిండి పొంగి బల్లల మీదనుంచి నేల మీదికి పాకిన రోజు సంగతి. పెళ్ళి కేకు మీద పెళ్ళికూతురి పేరుకి బదులు పెళ్ళికొడుకు పాత స్నేహితురాలి పేరు పడిపోయిన సంగతి. రేనో ఒక్కోదానికి కళ్ళు మూసుకుని నవ్వాడు. కొన్నిటికి మళ్ళీ చెప్పమన్నట్టు బల్ల తట్టాడు.

డిసెంబరు పరీక్షలో ఐలీకి 'బి' వచ్చింది. చివరి ప్రశ్నలో గుర్తు తప్పు పెట్టకపోయుంటే ఇంకొంచెం పై మార్కే వచ్చేదని డార్లా అంది. హాకీ కుర్రాళ్ళలో ఒకడు, పరీక్షకి ముందు ఐలీ ఇంటికొచ్చి రేనో దగ్గర రెండు మధ్యాహ్నాలు కూర్చున్నవాడు, తనూ గట్టెక్కానని చెప్పడానికి బేకరీకి పరిగెత్తుకొచ్చాడు. మాట రాని మాస్టారు తనకి చెప్పినంత బాగా ఇంకెవరూ చెప్పలేదని కౌంటరు దగ్గర నిలబడి అందరికీ వినబడేలా చెప్పాడు. అలా ఒకడి నోటినుంచి ఇంకొకడికి పాకి, మర్నాటి వసంతానికి వంటింటి బల్ల చుట్టూ కుర్చీలు చాలక, పక్కింటినుంచి అరువు తెచ్చుకోవాల్సొచ్చింది. రేనో వెన్న కత్తి తిప్పేవాడు. అతను ఎక్కడ తట్టాడో, ఎందుకు తట్టాడో ఐలీ మాటల్లో పెట్టి పిల్లలకి చెప్పేది. ఆమె తప్పుగా చెబితే, పిల్లల ముందే ఆమెని కూడా తట్టేవాడు.

ఇంకో రెండు శీతాకాలాలు అలా గడిచాయి. మాట తిరిగి రాలేదు. ఎడమచేతి రాత మాత్రం కుదురుకుంది. మూడో ఏడాది ఏప్రిల్లో, మంచు కరిగి చూరునుంచి నీళ్ళు బొట్లు బొట్లుగా పడుతున్న ఒక పొద్దున్న, రేనో కుర్చీలో కూర్చునే నిద్రలో పోయాడు. ఐలీ అప్పుడు బేకరీనుంచి వచ్చి కోటు విప్పుకుంటోంది. ఏదో చెప్పబోతూ అతని వైపు తిరిగి, చెప్పకుండా ఆగిపోయింది. తర్వాత పక్కన కూర్చుని ఆ చెప్పాల్సింది చెప్పేసింది. యాలకులు ఈసారి సరైన సరుకు రాలేదని, ఘాటు లేదని.

అంత్యక్రియల రోజు చర్చిలో చోటు చాలలేదు. ఊరు వదిలి వెళ్ళినవాళ్ళు కూడా వచ్చారు. డార్లా రెండు మాటలు చెప్పబోయి, కాబట్టి అన్న ఒక్కటే చెప్పి కూర్చుంది.

వేసవి గడిచాక ఐలీ మళ్ళీ కాలేజీకి వెళ్ళి కలనగణితం క్లాసులో పేరు రాయించుకుంది. డార్లా ఆశ్చర్యపోయింది. సార్ కోసమే కదా మీరు చదివింది, ఇప్పుడెందుకండీ అని మొహమాటపడుతూ అడిగింది. ఐలీ కొంచెం ఆలోచించింది. మొదట ఆయన కోసమేనని, మధ్యలో ఎక్కడో తన కోసం కూడా అయిందని, ఎక్కడ మారిందో తనకే తెలియలేదని చెప్పింది.

ఆ అక్టోబరులో ఒక గురువారం సైమీ పాస్టీల గిన్నెతో వచ్చింది. ఐలీ పుస్తకం ముందేసుకుని, వంటింట్లో ఎవరూ లేకపోయినా పైకి చదువుకుంటూ, తనతో తనే వాదించుకుంటోంది. సైమీ కోటు విప్పలేదు. గుమ్మంలో నిలబడి కాసేపు విన్నది. ఇదివరకైతే పిచ్చెక్కిందని ఎగతాళి చేసేది. ఇప్పుడు గిన్నె పొయ్యి మీద పెట్టి, గంభీరంగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నాకు కూడా చెప్పు," అంది. "ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని టీవీ చూసీ చూసీ విసుగొచ్చింది. కానీ మొదట్నుంచీ చెప్పు. కసురుకోకు."

ఐలీ కలనగణితం పుస్తకం మూసి పక్కన పెట్టింది. కొత్త కాగితం పరిచింది. పెన్సిల్ మొన చెక్కి అక్క చేతికిచ్చి, ఒక లంబకోణ త్రిభుజం గియ్యమంది.